ప్రత్యర్థిని ఎంచుకునే హక్కు

అమెరికా విశ్వవిద్యాలయాల మహిళల బాస్కెట్‌బాల్‌లో ఏటా నవంబరు, డిసెంబరు నెలల్లో జరిగే ఆటలకు ఒక ప్రత్యేకత ఉంది. ఆ రెండు నెలల ఆటల్లో చాలావాటికి ఎవరు ఎవరితో తలపడాలో ఏ సంఘమూ నిర్ణయించదు, ఏ డ్రా తేల్చదు. ప్రతి జట్టూ తన ప్రత్యర్థులను తానే వెతుక్కుని, ఏ ఊళ్లో ఆడాలో, ఖర్చు ఎవరు భరించాలో మాట్లాడుకుని, రాతకోతలు ముగించుకుని బరిలోకి దిగుతుంది. ఆ ఎంపికలో చూపిన తెగువే మార్చి నెలలో ఆ జట్టు జాతకాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం ప్రాంతం నుంచి కళాశాలకు చేరిన ఒక సవర అమ్మాయో జాతాపు అమ్మాయో బంతి పట్టుకుంటే, ఆమె ఎవరితో ఆడాలన్నది చీటీలు తీసి చెబుతారు. ఆ చీటీ ఏ డబ్బాలో పడాలన్నది 1936లో గీసిన రాష్ట్ర సరిహద్దు రేఖ ఎప్పుడో తేల్చేసింది. ఈ రెండు వ్యవస్థల మధ్య ఉన్న తేడాను డబ్బుకో, కోర్టులకో, ఆహారానికో ముడిపెట్టడం పరిపాటి. అవన్నీ నిజమే అయినప్పటికీ, వాటికంటే ముందు చూడవలసినది ఆటల పట్టిక, అంటే ఏడాదిలో ఎన్ని ఆటలు, ఎవరితో, ఎక్కడ ఆడాలో చెప్పే కాగితం. దానిని బాగుచేయడానికి పెద్దగా డబ్బు అక్కరలేదు గనుక, ఇన్నాళ్లూ దాని జోలికి ఎవరూ పోకపోవడం వింతగానే కనిపిస్తుంది.

కాన్ఫరెన్స్ లోపల, కాన్ఫరెన్స్ వెలుపల

అమెరికాలో విశ్వవిద్యాలయాలు పదీ పదిహేను చొప్పున కూటములుగా ఏర్పడి, ఆ కూటమిలోని జట్లు ఏటా తమలో తాము తప్పనిసరిగా ఆడుకునే ఏర్పాటు చేసుకుంటాయి. ఆ కూటమినే కాన్ఫరెన్స్ అంటారు. ఒక జట్టు సీజనులో దాదాపు ముప్ఫై ఆటలు ఆడితే, అందులో పదహారు, పద్దెనిమిది దాకా ఈ కూటమి లోపలి ఆటలు, మిగిలినవి కూటమి వెలుపలి జట్లతో ఎవరికి వారు కుదుర్చుకున్న ఆటలు. ఈ రెండో రకాన్నే నాన్-కాన్ఫరెన్స్ ఆటలని, వాటిలో ఎదురైన ప్రత్యర్థుల స్థాయిని నాన్-కాన్ఫరెన్స్ షెడ్యూలు బలమని వ్యవహరిస్తారు. చివరికి మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంటులో 2022 నుంచి 68 మహిళా జట్లకు చోటు దక్కుతున్నది. కూటముల విజేతలు నేరుగా అడుగుపెడతారు, సగానికి పైగా స్థానాలను మాత్రం ఒక ఎంపిక సంఘం జట్ల రికార్డులను తూకం వేసి పంచుతుంది. అత్యుత్తమంగా ఎంచిన 16 జట్లకు తొలి రెండు రౌండ్లు సొంత కోర్టులోనే ఆడే అవకాశం దక్కుతుంది కాబట్టి, ఈ తూకంలో ఒక మెట్టు పైకి ఎక్కినా కింద పడినా దాని ఫలితం తీవ్రంగానే ఉంటుంది.

తూకం వేసే పద్ధతిని ఒక లెక్కతో చూపడం తేలిక. చాలాకాలం వాడుకలో ఉన్న ఆర్‌పీఐ అనే సూచికలో జట్టు సొంత గెలుపు శాతానికి పావు వంతు, ప్రత్యర్థుల గెలుపు శాతానికి సగం, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థుల గెలుపు శాతానికి మిగిలిన పావు వంతు విలువ ఇచ్చేవారు. ఒక జట్టు ఆడిన ప్రతి ఆటా గెలిచిందనీ, కానీ దాని ప్రత్యర్థులు సగటున నూటికి 30 ఆటలే గెలిచేవారనీ అనుకుంటే, మూడో అంశాన్ని సగంగా తీసుకున్నప్పుడు ఆ జట్టు సూచిక 0.525 అవుతుంది. నూటికి 60 ఆటలు మాత్రమే గెలిచి, నూటికి 65 గెలిచే ప్రత్యర్థులతో తలపడిన మరో జట్టు సూచిక అదే పద్ధతిలో 0.600. అంటే పదింట నాలుగు ఓడిన జట్టు, ఒక్కటీ ఓడని జట్టు కంటే పైన నిలుస్తుంది. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్న సంగతి తెలుగువారికి చిన్నప్పటి నుంచీ తెలిసినదే. దానికి ఒక అంకె కట్టడమే ఈ సూచిక చేసిన పని. 2020-21 సీజను నుంచి మహిళల ఆటలో దీని స్థానంలో నెట్ అనే కొత్త సూచిక వచ్చింది. అది బంతి చేతికి చిక్కిన ప్రతిసారీ జట్టు ఎన్ని పాయింట్లు రాబడుతున్నదో, ఎన్ని సమర్పించుకుంటున్నదో కూడా పరిగణిస్తుంది. గెలుపులను నాలుగు తరగతులుగా విభజించే పద్ధతి కూడా దీనితో కలిసి నడుస్తుంది. సొంత కోర్టులో అయితే తొలి 25 ర్యాంకుల్లోని జట్టును ఓడిస్తేనే మొదటి తరగతి గెలుపు, ప్రత్యర్థి కోర్టుకు వెళ్లి ఆడినప్పుడు తొలి 45 ర్యాంకుల్లోని ఏ జట్టును ఓడించినా అదే తరగతి. పరాయి ఊరికి ప్రయాణం చేసి ఆడడం ఎంత కష్టమో ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాయే చెబుతుంది.

అయితే ఈ వ్యవస్థలో అసలు సూక్ష్మం మరొకటి ఉంది, దాని గురించి చర్చ తక్కువగా జరుగుతుంది. ఒక కూటమిలోని జట్లు తమలో తాము ఆడుకునేటప్పుడు ఒకరి గెలుపు తప్పనిసరిగా మరొకరి ఓటమి. కాబట్టి పన్నెండు జట్లూ మహా బలమైనవే అయినా, పన్నెండూ బలహీనమైనవే అయినా, కూటమి లోపలి ఆటల మొత్తంలో గెలుపు శాతం ఎప్పుడూ సరిగ్గా సగమే. జనవరి నుంచి మార్చి దాకా ఎన్ని ఆటలు ఆడినా ఆ కూటమి ఇతర కూటముల కంటే మెరుగైనదో కాదో ఆ ఆటలు చెప్పలేవు. చెప్పగలిగేవి నవంబరు, డిసెంబరుల్లో కూటమి వెలుపలి జట్లతో ఆడిన ఆటలు మాత్రమే. ఆ కొద్ది ఆటల్లో ఒక జట్టు సాధించిన గెలుపు దానికొక్కదానికే కాక, తర్వాత దానితో తలపడే తోటి జట్లన్నిటికీ విలువను పంచిపెడుతుంది. ఒక జట్టు భయపడి బలహీనులతో సరిపెట్టుకుంటే ఆ నష్టమూ అందరిదీ అవుతుంది. కాబట్టి వెలుపలి ఆట ఒక వినోదమో సన్నాహకమో కాదు, ఒక ప్రాంతపు ఆటను మరో ప్రాంతపు ఆటతో పోల్చడానికి ఉన్న ఏకైక కొలబద్ద. భారతదేశపు పరిస్థితిని పరిశీలించేటప్పుడు ఈ విషయాన్ని గుర్తుపెట్టుకోవడం అవసరం.

ముప్ఫై గెలుపుల విలువ

2014-15 సీజనులో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ మహిళల జట్టు ఆడిన 30 ఆటలూ గెలిచి, ఒక్క ఓటమీ లేకుండా జాతీయ టోర్నమెంటుకు చేరింది. అటువంటి జట్టుకు అగ్రస్థానం దక్కుతుందని సామాన్య ప్రేక్షకులు అనుకోవడంలో తప్పు లేదు. ఎంపిక సంఘం మాత్రం దానిని తన ప్రాంతీయ విభాగంలో ఎనిమిదో స్థానంలో ఉంచింది, ఎందుకంటే చదువుకు పేరెన్నికగన్న ఐవీ లీగ్ అనే కూటమిలో బాస్కెట్‌బాల్ ప్రమాణాలు అంత ఎత్తున ఉండవు, కూటమి వెలుపల ఆ జట్టు ఎదుర్కొన్న ప్రత్యర్థులు ఆ లోటును పూడ్చేంత బలమైనవారని సంఘం భావించలేదు. ప్రిన్స్‌టన్ తొలి ఆటలో గ్రీన్‌బే జట్టును 80-70తో ఓడించి, రెండో ఆటలో మేరీల్యాండ్ చేతిలో 85-70తో ఓడిపోయింది. ఆ రెండో ఆట జరిగినది మేరీల్యాండ్ సొంత కోర్టులోనే. సంఘం అంచనా సరైనదని ఈ ఫలితం నిరూపించిందనే వారున్నారు, ఎనిమిదో స్థానం ఇచ్చి ప్రత్యర్థి గుమ్మంలోకి పంపితే మరేం జరుగుతుందనే వారూ ఉన్నారు. రెండో వాదనలో పస ఎక్కువ.

కనెటికట్ విశ్వవిద్యాలయం కథ దీనికి మరో వైపు. జీనో ఆరియెమ్మా శిక్షణలో దేశంలోనే అగ్రగామిగా ఉన్న ఆ జట్టు, పాత కూటమి చీలిపోవడంతో 2013 నుంచి 2020 వరకు అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్‌లో గడపవలసి వచ్చింది. ఏడు సీజన్లలో ఆ కూటమి జట్లతో ఆడిన 139 ఆటలనూ అది గెలిచింది, ఒక్కటీ ఓడలేదు. లోపల పోటీ లేదని తెలిసే ఆ జట్టు వెలుపలి ఆటలను అత్యంత బలమైన ప్రత్యర్థులతో నింపుకునేది. 2014, 2015, 2016 సంవత్సరాల్లో జాతీయ టైటిళ్లు గెలిచింది కూడా. ఆ తర్వాత 2017 మార్చి 31న, వరుసగా 111 ఆటలు గెలిచి సెమీఫైనల్‌కు వచ్చిన ఆ జట్టును మిసిసిపీ స్టేట్ అదనపు సమయంలో 66-64తో ఓడించింది. 2018, 2019ల్లోనూ ప్రయాణం సెమీఫైనల్‌లోనే ఆగింది. రెండు నెలలపాటు ముప్ఫై నలభై పాయింట్ల తేడాతో గెలవడానికి అలవాటుపడ్డ క్రీడాకారిణులకు చివరి నిమిషంలో ఒక్క పాయింటు కోసం పెనుగులాడే సాధన కరవైందని అప్పట్లో విస్తృతంగా చర్చ జరిగింది. అదే కూటమిలో ఉంటూ మూడు టైటిళ్లు గెలిచిన జట్టు కాబట్టి ఈ కారణాన్ని ఖాయం చేయడం కష్టమే. ఏమైనా 2020లో కనెటికట్ తన పాత మిత్రులున్న బిగ్ ఈస్ట్ కూటమికి తిరిగి వెళ్లిపోయింది.

వెలుపలి ఆట ఒక క్రీడ స్థాయినే మార్చగలదనడానికి 1995 జనవరి 16 నాటి ఆట సాక్ష్యం. టెనెసీ, కనెటికట్ జట్లు వేర్వేరు కూటములకు చెందినవి, అవి తలపడవలసిన నిర్బంధం ఏదీ లేదు. టెనెసీ కోచ్ పాట్ సమిట్ 1974 నుంచి 2012 వరకు అదే జట్టును నడిపి, 1,098 గెలుపులు, ఎనిమిది జాతీయ టైటిళ్లు సాధించిన మనిషి. సీజను మధ్యలో పరాయి కోర్టుకు వెళ్లి కనెటికట్‌తో ఆడడం వల్ల ఆమెకు కలిసివచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. అయినా ఆమె సరేనన్నారు. కనెటికట్ 77-66తో గెలిచింది, ఆ ఏడాది ఏప్రిల్‌లో ఫైనల్లోనూ అవే రెండు జట్లు ఎదురుపడ్డాయి, కనెటికట్ 35-0 రికార్డుతో సీజను ముగించింది. అప్పటి నుంచి పన్నెండేళ్లు ఆ పోటీ మహిళల కళాశాల బాస్కెట్‌బాల్‌కు టెలివిజన్ ప్రేక్షకులను తెచ్చిపెట్టింది. 2007లో సమిట్ ఇక ఆడబోమనడంతో అది ఆగిపోయి, 2020 జనవరిలో గానీ మళ్లీ మొదలు కాలేదు. ఇష్టంతో కుదిరిన ఏర్పాటు ఇష్టం లేకపోతే ఒక్క మాటతో తెగిపోతుంది, ఈ పద్ధతిలోని బలహీనత అదే. చిన్న విశ్వవిద్యాలయాల ఫిర్యాదు ఇంకొకటి ఉంది: పెద్ద జట్లు డబ్బిచ్చి చిన్న జట్లను తమ ఊరికి పిలిపించుకుని ఓడిస్తాయే తప్ప, చిన్న జట్టు కోర్టుకు వచ్చి ఆడడానికి ఇష్టపడవు. ఎంచుకునే హక్కు అందరికీ ఉన్నా ఎంపికయ్యే భాగ్యం అందరికీ ఉండదు.

నాలుగు జోన్లు, నలభై నిమిషాలు

భారతదేశంలో విశ్వవిద్యాలయాల క్రీడలను 1925లో అంతర విశ్వవిద్యాలయ మండలిగా పుట్టిన భారత విశ్వవిద్యాలయాల సంఘం నడుపుతుంది. ఇక్కడి ఏర్పాటు నిచ్చెన మెట్లలా ఉంటుంది. ఒక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కళాశాలలు ముందుగా అంతర కళాశాల పోటీల్లో తలపడతాయి. అక్కడ కనబరచిన ప్రతిభను బట్టి, సెలక్షన్లలో చూపిన ఆటను బట్టి విశ్వవిద్యాలయ జట్టు ఎంపికవుతుంది. దేశాన్ని ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ జోన్లుగా విభజించినందున ఆ జట్టు తన జోన్ పోటీకి వెళుతుంది. జోన్‌లో తొలి నాలుగు స్థానాలు పొందిన జట్లు అఖిల భారత పోటీకి చేరతాయి. జోన్ పోటీలో క్వార్టర్ ఫైనల్ దాకా నాకౌట్, అంటే ఒక్కసారి ఓడితే ఇంటికే. ఆ తర్వాత మిగిలిన నాలుగు జట్లు మాత్రమే లీగ్ పద్ధతిలో ఒకదానితో ఒకటి ఆడతాయి. అఖిల భారత పోటీలో తొలి ఎనిమిది స్థానాల్లో నిలిచినవారికి ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల్లో చోటు ఉంటుంది. ఆ క్రీడలు తొలిసారి 2020 ఫిబ్రవరి, మార్చిల్లో జరిగినది కురుపాం వారికి చెన్నై కంటే ఎంతో దగ్గరైన భువనేశ్వర్‌లో.

ఈ నిర్మాణంలో రెండు విషయాలు గమనించవలసి ఉంది. మొదటిది, అమెరికాలో కళాశాల జట్టంటే విశ్వవిద్యాలయ జట్టే కాగా, ఇక్కడ కళాశాల జట్టు ప్రయాణం అంతర కళాశాల పోటీతోనే ముగుస్తుంది. అక్కడి నుంచి ఒకరో ఇద్దరో అమ్మాయిలు విశ్వవిద్యాలయ జట్టులోకి వెళతారే గాని, ఏళ్ల తరబడి కలిసి ఆడిన అయిదుగురి మధ్య ఏర్పడిన సమన్వయం పైకి వెళ్లదు. రెండోది మరింత గంభీరమైనది. నాలుగు జోన్ల జట్లూ అఖిల భారత పోటీకి ముందు అధికారికంగా ఎక్కడా తలపడవు కాబట్టి, ఏ జోన్ బలమెంతో కొలిచే సాధనమే లేదు. కొలిచే సాధనం లేనప్పుడు అందరికీ సమానంగా నాలుగేసి స్థానాలు ఇవ్వడం తప్ప మరో దారి ఉండదు. మహిళల బాస్కెట్‌బాల్‌లో కేరళ, తమిళనాడుల పట్టు అందరికీ తెలిసినదే. చంగనాశేరిలోని అసంప్షన్ కళాశాల, చెన్నైలోని ఎతిరాజ్, ఎం.ఓ.పి. వైష్ణవ కళాశాలల వంటివి తరతరాలుగా క్రీడాకారిణులను తయారుచేసిన చోట్లు. కర్ణాటకలోనూ గట్టి జట్లున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాలు ఈ రాష్ట్రాలతో కలిసి సౌత్ జోన్‌లో ఉన్నాయి. సౌత్ జోన్‌లో క్వార్టర్ ఫైనల్లో ఓడిన జట్టు మరో జోన్‌లో నాలుగో స్థానం పొందిన జట్టును ఓడించగలదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగల ఆట ఏదీ ఆ ఏడాది పట్టికలో ఉండదు.

ఆ జోన్‌లో తొలి రౌండులోనే కేరళ జట్టు చీటీ తగిలితే తెలుగు జట్టు సీజను ఆ పూటతో ముగిసిపోతుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆట నిడివి పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, మొత్తం నలభై నిమిషాలు. అమెరికా జట్టు ముప్ఫై ఆటలకు 1,200 నిమిషాలు కోర్టు మీద గడిపే కాలంలో, ఇక్కడి విశ్వవిద్యాలయ జట్టు నలభై నిమిషాలు ఆడి రైలెక్కవలసి రావచ్చు. అంతర కళాశాల పోటీలను కలిపి చూసినా ఒక అమ్మాయి ఏడాదిలో ఆడే గట్టి ఆటలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ప్రత్యర్థి ఫుల్‌కోర్టు ప్రెస్ వేసినప్పుడు, అంటే బంతిని తమ బుట్ట దగ్గరి నుంచే ముందుకు తేనివ్వకుండా అయిదుగురూ చుట్టుముట్టినప్పుడు ఎటు పాస్ ఇవ్వాలో శిక్షణ శిబిరంలో తోటి అమ్మాయిలతో ఆడి నేర్చుకోవడం సాధ్యం కాదు. అది బలమైన జట్టు చేతిలో రెండు మూడుసార్లు చిక్కుకున్నాకే అబ్బుతుంది. ఆ రెండు మూడుసార్లకు ఇక్కడి పట్టికలో తావు లేదు.

గుణుపురం దగ్గర, చెన్నై దూరం

కురుపాం తూర్పు కనుమల పాదాల దగ్గర, ఒడిశా సరిహద్దుకు ఆనుకున్నట్టే ఉండే మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడే దాకా విజయనగరం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు, కురుపాం జమీందారీ ఇటు మిగిలాయి. సవరలు రెండు వైపులా ఉండిపోయారు. వాళ్ల బంధుత్వాలు, సంతలు, పండుగలు ఆ గీతను లెక్కచేసినట్టు కనిపించవు. కొన్నేళ్లుగా కొమరాడ, జియ్యమ్మవలస పరిసరాల్లో తిరుగుతున్న ఏనుగుల గుంపు ఒడిశా నుంచి వచ్చినదే, దానికీ జోన్ నిబంధన వర్తించినట్టు లేదు. కళాశాల క్రీడలకు మాత్రం ఆ గీత గోడలా నిలిచింది. ఈ జిల్లాలోని కళాశాల ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమైనా అది సౌత్ జోన్. కొండ అవతల రాయగడ జిల్లా గుణుపురంలోని జీఐఈటీ విశ్వవిద్యాలయం, గజపతి జిల్లా పర్లాకిమిడిలోని సెంచూరియన్ విశ్వవిద్యాలయం ఈస్ట్ జోన్. సెంచూరియన్ పేరుతోనే విజయనగరం జిల్లాలో మరో విశ్వవిద్యాలయం ఉంది, అది సౌత్ జోన్. ఒకే పేరున్న రెండు విద్యాసంస్థల అమ్మాయిలు అఖిల భారత స్థాయికి చేరితే తప్ప అధికారిక పోటీలో ఎదురుపడరు.

దూరాల లెక్క కూడా చూడవలసినదే. విశాఖపట్నం మీదుగా చెన్నైకి సుమారు తొమ్మిది వందల కిలోమీటర్లు, కేరళలోని కొట్టాయం ఇంకా దూరం. గుణుపురం ఒక పూటలో వెళ్లి రాగల ఊరు. పార్వతీపురంలో రైలెక్కితే రాయగడ పక్క ఊరే, అదే దారి తిత్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ దాకా సాగుతుంది. ఆ దారి చివర ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో, భిలాయి ఉక్కు కర్మాగారం నీడలో, రాజేశ్ పటేల్ అనే కోచ్ దశాబ్దాలపాటు అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పి, జాతీయ పోటీల్లో ఆ చిన్న రాష్ట్రాన్ని ముందువరుసలో నిలిపారు. 2018లో ఆయన కన్నుమూశారు. భువనేశ్వర్‌లో గిరిజన విద్యార్థులకు ఉచిత వసతితో చదువు చెప్పే కళింగ సామాజిక శాస్త్రాల సంస్థ ఆదివాసీ పిల్లల క్రీడలకు దేశంలోనే పేరు పొందిన చోటు. ఇవన్నీ కురుపానికి రైలు దారిలోనో రోడ్డు దారిలోనో సహజమైన పొరుగులు, క్రీడా పటంలో మాత్రం పరాయివి.

ఈ పొరుగువారితో ఆడుకోవద్దని ఎవరూ అనలేదు. ఆడుకోవడం వల్ల ఏమీ రాదన్నదే అసలు అడ్డంకి. కళాశాల క్రీడల ఆర్థిక వ్యవస్థ సర్టిఫికెట్ చుట్టూ తిరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ 2024లో తెచ్చిన క్రీడా విధానంతో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచడానికి పూనుకుంది. గిరిజన కుటుంబానికి అది చిన్న ఆశ కాదు. కానీ కోటాకు పనికివచ్చేది గుర్తింపు పొందిన పోటీల సర్టిఫికెట్టే, గుణుపురంలో ఆడిన ఫ్రెండ్లీ మ్యాచ్‌కు ఆ విలువ లేదు. కళాశాల పీడీ, అంటే ఫిజికల్ డైరెక్టర్, టీఏ డీఏ కోసం ఫైలు పెట్టాలన్నా ఆ ప్రయాణం ఏదో ఒక పోటీ పేరు మీద ఉండాలి. అమ్మాయిల జట్టయితే హాస్టల్ అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, వెంట ఒక అధ్యాపకురాలు, చీకటిపడేలోగా తిరుగు ప్రయాణం తప్పవు. ఇన్నింటి తర్వాత కాగితం మీద ఏ ఫలితమూ కనిపించని ఆటకు పూనుకునే పీడీ అరుదు. పూనుకోని వారిని తప్పుపట్టడం న్యాయం కాదు, వ్యవస్థ ఆ పనికి ఏ విలువా కట్టలేదు. అమెరికాలో శిక్షకులు కఠినమైన ప్రత్యర్థిని వెతుక్కుంటూ వెళ్లడానికి కారణం అక్కడివారి ధైర్యం కాదు, అక్కడి లెక్కలో ఆ ఓటమికీ కొంత విలువ ఉండడం.

ఎంచుకుని ఆడే సంప్రదాయం ఈ ప్రాంతానికి కొత్తదేమీ కాదు. సంక్రాంతికీ ఊరి పండుగలకూ ఉత్తరాంధ్ర పల్లెల్లో వాలీబాల్, కబడ్డీ ఓపెన్ పోటీలు జరగడం, ఏ ఊరి పోటీకి వెళితే ఎవరు తగులుతారో, బహుమతి ఎంతో ఆరా తీసి జట్లు బయలుదేరడం పాత అలవాటే. ఎవరికీ తెలియకుండానే అది నాన్-కాన్ఫరెన్స్ షెడ్యూలింగే. లోపమల్లా ఆ పోటీలు ప్రధానంగా మగపిల్లలవి కావడం. గిరిజన సంక్షేమ గురుకులాల్లో పీఈటీల చేతుల్లో ఆట నేర్చిన బాలికలు ఇంటర్ దాటి డిగ్రీకి చేరేసరికి ఈ ద్వారం వారికి మూసుకుపోయి ఉంటుంది. ఏకలవ్య ఆదర్శ గురుకుల విద్యాలయాలు 2019 నుంచి జాతీయ క్రీడోత్సవాలు జరుపుతున్నాయి. అక్కడ ఒడిశా, ఛత్తీస్‌గఢ్ పిల్లలతో తలపడిన బాలిక కళాశాలలో చేరాక అదే పిల్లలను మళ్లీ చూడలేకపోవడం విచిత్రమైన తిరోగమనం. పాఠశాలలో ఉన్నంత విశాలమైన ప్రపంచం కళాశాలలో కుంచించుకుపోతున్నది.

కోర్టు లేదన్నది తరచుగా వినిపించే అభ్యంతరం. పూర్తి బాస్కెట్‌బాల్ కోర్టుకు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు చదునైన గట్టి నేల కావాలి, మన్యంలో అంత చదును దొరికినా వానాకాలమంతా తడిగానే ఉంటుంది. ఇందుకు ఒక మార్గం ముగ్గురేసి ఆడే 3×3 ఆట. దానికి సగం కోర్టు, ఒక్క రింగు చాలు. జట్టులో నలుగురే, ఆట నిడివి పది నిమిషాలు, ఎవరు ముందు 21 పాయింట్లు చేస్తే వారిదే గెలుపు. టోక్యో ఒలింపిక్స్‌తో అది ఒలింపిక్ క్రీడ కూడా అయింది. నలుగురు అమ్మాయిలు, ఒక అధ్యాపకురాలు ఒక జీపులో పట్టేస్తారు, ఒక్క రోజులో అయిదారు ఆటలు ఆడి సాయంత్రానికి తిరిగి రావచ్చు. జోన్ పోటీలో ఒక్క ఓటమితో వెనుదిరిగే జట్టుకు ఏడాదంతా దొరకని అనుభవం ఒక ఆదివారంలో దొరుకుతుంది. కురుపాం మండలంలోనే టేకరఖండి వద్ద గిరిజన ఇంజనీరింగ్ కళాశాలకు 2020 అక్టోబరు 2న శంకుస్థాపన జరిగింది. అటువంటి ప్రాంగణాల పటంలో సగం కోర్టుకు చోటు కేటాయించడం పెద్ద భారం కాబోదు.

బలమైన ప్రత్యర్థి అంటే ఎంత బలమైనదన్న ప్రశ్నను దాటవేయకూడదు. డెబ్బై పాయింట్ల తేడాతో ఓడిన ఆట నుంచి నేర్చుకునేది తక్కువ. ఓడినవారికి తాము ఎక్కడ తప్పు చేశామో కూడా అర్థం కాదు, మరుసటి ఏడు జట్టుకు పేరివ్వడానికే వెనుకాడతారు. అనుభవమున్న శిక్షకులు తమ కంటే ఒకటి రెండు మెట్లు పైనున్న జట్లతో ఎక్కువగా, సమానులతో కొన్ని, తమ కంటే కింద ఉన్నవారితో ఒకటి రెండు ఆటలు పెట్టుకుంటారు. డ్రా ఈ వివేచన చూపలేదు. జీఐఈటీ, సెంచూరియన్ వంటి పొరుగు విశ్వవిద్యాలయాలతో మొదలుపెట్టి, రాయ్‌పూర్, భువనేశ్వర్‌ల వైపు క్రమంగా వెళ్లే పట్టికను ఈ జిల్లా పీడీలు కూర్చుని ఒక మధ్యాహ్నంలో రాసుకోగలరు.

చేయవలసిన పనులు పెద్దవి కావు. అంతర జోన్ ఆహ్వాన పోటీలకు విశ్వవిద్యాలయాల సంఘం గుర్తింపు ఇచ్చి, వాటి ఫలితాలను నమోదు చేస్తే రెండు ప్రయోజనాలు ఒకేసారి నెరవేరతాయి: క్రీడాకారిణి చేతికి లెక్కలోకి వచ్చే సర్టిఫికెట్ అందుతుంది, ఏ జోన్ బలమెంతో తేల్చే కొలత సంఘం చేతికి చిక్కుతుంది, నాలుగేసి స్థానాల సమాన పంపకాన్ని అప్పుడు పునఃపరిశీలించవచ్చు. పార్వతీపురం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ క్రీడా సామగ్రికి ఇచ్చే ప్రాధాన్యంలో కొంత ప్రయాణ ఖర్చులకు ఇవ్వాలి. బంతులు కొన్నంత మాత్రాన ప్రత్యర్థులు రారు. అధికారుల నిర్ణయం వెలువడేలోగా కళాశాలలు ఎదురుచూస్తూ కూర్చోనక్కరలేదు. ఇరువైపులా రవాణా ఖర్చు ఎవరిది వారే పెట్టుకుని, ఒకసారి ఇక్కడ, మరోసారి అక్కడ ఆడే ఏర్పాటుకు కావలసినది ఒక ప్రిన్సిపాల్ మరో ప్రిన్సిపాల్‌కు రాసే లేఖ మాత్రమే. అంతర కళాశాల పోటీలు మొదలయ్యేలోగా ఆ లేఖ కురుపాం వైపు నుంచి గుణుపురానికి వెళ్లాలి.